నాడి దొరికింది, కాలు పోయింది

"ఆపరేషన్ అన్నాక నొప్పి ఉండదా అమ్మా?"

ఈ మాట వినపడని వార్డు మన రెండు రాష్ట్రాల్లో ఉందంటే నేను నమ్మను. కసిరి అన్నా, నవ్వుతూ అన్నా, కాగితంలోంచి తల ఎత్తకుండా అన్నా దాని అర్థం ఒక్కటే: నోరు మూసుకుని పడుకో. హెర్నియా చేయించుకున్న మనిషికి, అపెండిక్స్ తీయించుకున్న మనిషికి ఆ మాట కొంతవరకు చెల్లుతుందేమో. కాలి రక్తనాళానికి ఆపరేషన్ చేయించుకుని బయటికొచ్చిన మనిషితో ఆ రాత్రి ఆ మాట అనడం మాత్రం నేరం. చట్టం దాన్ని నేరమంటుందో లేదో లాయర్లు తేల్చుకోనివ్వండి. నేను అంటున్నాను.

ఎందుకు నేరమో చెప్పాలంటే ఆ కాలి లోపల ఏం జరుగుతుందో చెప్పాలి. గుండె లయ తప్పినవాళ్ళకి, చిన్నప్పుడు కీళ్ళవాతపు జ్వరం వచ్చి గుండె కవాటాలు చెడినవాళ్ళకి గుండెలో నెత్తురు గడ్డ కడుతుంది. అది కొట్టుకొచ్చి కాలి ధమనిలో ఇరుక్కుంటుంది. బీడీలు, సిగరెట్లు, షుగర్ ఉన్నవాళ్ళకైతే ధమనే లోపల పూడుకుపోతుంది. కాలు పాలిపోయి, చల్లబడి, మొద్దుబారుతుంది. అప్పుడు గడ్డ తీస్తారు, లేదా కాల్లోంచే ఒక సిర తీసి బైపాస్ వేస్తారు. నెత్తురు మళ్ళీ పారుతుంది. గండం గడిచిందని అందరూ ఊపిరి పీల్చుకుంటారు. చాలామందికి నిజంగానే గడుస్తుంది. కానీ గంటల తరబడి నెత్తురు అందని కాలికి అసలు గండం అక్కడే మొదలవుతుంది.

అన్ని గంటలు ఎండిన కండరంలోకి ఒక్కసారిగా నెత్తురు వచ్చిపడితే సన్నటి నాళాల గోడలు నిలవవు. నీరు బయటికి ఊరి కండరంలో నిండుతుంది, కండరం ఉబ్బుతుంది. మాంసం కొట్టులో ముక్క మీదినుంచి కత్తి మొనతో లాగేసే తెల్లటి గట్టి పొర మీరు చూసే ఉంటారు. మన కాల్లోనూ ఉండేది అదే, డాక్టర్లు ఫేషియా అంటారు. మోకాలి కింద ఆ పొర కండరాలను నాలుగు గదులుగా బిగించి ఉంచుతుంది. కండరం ఉబ్బుతుంది గానీ పొర సాగదు. దాంతో గదిలో ఒత్తిడి పెరుగుతుంది. మామూలుగా 10 మిల్లీమీటర్ల పాదరసం లోపు ఉండాల్సినది 30 దాటుతుంది, 40 దాటుతుంది. ముందు సిరలు నొక్కుకుపోతాయి. లోపలికొచ్చిన నెత్తురు బయటికి పోలేక వాపు ఇంకా పెరుగుతుంది. తర్వాత కండరానికీ నరానికీ తిండి పెట్టే సన్నటి నాళాలు మూసుకుంటాయి. పెద్ద ధమనిలో ఒత్తిడి 120, దాన్ని ఇదేమీ ఆపలేదు. కాబట్టి పాదం మీద నాడి హాయిగా కొట్టుకుంటూనే ఉంటుంది, పిక్క లోపల చచ్చిపోతూ ఉంటుంది.

దీని పేరు కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్. ఎంబీబీఎస్ చదివే కుర్రాణ్ణి నిద్రలో లేపి అడిగినా లక్షణాలు గడగడా అప్పజెప్తాడు. మొదటి లక్షణం ఏమిటయ్యా అంటే, గాయానికి మించిన నొప్పి అంటాడు. రెండోది, వేళ్ళను మనం పట్టుకుని వంచితే ప్రాణం పోయేంత నొప్పి. నాడి ఆగిపోవడం ఎప్పుడో చివర, అసలు చాలామందిలో ఆగనే ఆగదు. ఇదంతా పుస్తకంలో ఉంది, పరీక్షలో వస్తుంది, మార్కులు పడతాయి. వార్డుకొచ్చేసరికి ఏమవుతుంది?

ఏమవుతుందో నేను చూశాను. మా అక్క భర్త గుంటూరు మిర్చి యార్డులో హమాలీ. టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, మోసి సంసారం లాగిన మనిషి. ఒకరోజు తెల్లవారుజామున ఎడమ కాలు చల్లబడింది. ఊళ్ళో ఆరెంపీ తిమ్మిరి అని ఒక సూది పొడిచాడు. అక్కణ్ణించి ఆటోలో ఒక చోటికి, అంబులెన్సులో మరో చోటికి తిరిగి, స్కాన్లు అయి, థియేటర్‌లోకి తీసుకెళ్ళేసరికి మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. ఆసుపత్రి ఏదో, ఏ ఊళ్ళోదో చెప్పను. పేరు చెబితే పాపమంతా ఆ ఒక్కదాని మీదికి తోసి మిగతావన్నీ తప్పుకుంటాయి.

సర్జన్ చేతిపని మీద నాకు ఫిర్యాదు లేదు. గజ్జల దగ్గర కోసి, కాథెటర్ దించి, గడ్డ లాగాడు. బయటికొచ్చి మా అక్క వేలు పట్టుకుని బావ పాదం మీద పెట్టించి, "చూడమ్మా, కొట్టుకుంటోంది" అన్నాడు. అక్క ఆయన కాళ్ళకు దండం పెట్టింది. ఆ దండం ఆయన సంపాదించుకున్నదే. నా కోపమంతా ఆ తర్వాతి రాత్రి మీద.

దీపాలు పెట్టే వేళకి బావ మూలగడం మొదలైంది. వీపు మీద బస్తా జారి పడ్డా కిక్కురుమనని మనిషి దుప్పటి నోట్లో కుక్కుకున్నాడు. "ఒరేయ్, కాలు లోపల్నించి చీలుతోందిరా" అన్నాడు. చలి తగలకూడదని చీలమండ నుంచి మోకాలి దాకా దూది చుట్టి, పైన క్రేప్ బ్యాండేజీ బిగించి ఉంది. దాని అంచున కండ ఉబికి వస్తోంది. పిక్క నొక్కితే వేలు దిగలేదు.

పిలవగా పిలవగా డ్యూటీ డాక్టరు వచ్చాడు. పాదం మీద వేలు పెట్టాడు. నాడి ఉంది. "సర్క్యులేషన్ బాగుంది, వాపు మామూలే" అన్నాడు. వాపును చూసి బలుపు అనుకునేవాళ్ళని మన పెద్దవాళ్ళు ఎగతాళి చేశారు. వాపును చూసి వాపే కదా అని వెళ్ళిపోయేవాళ్ళకు సామెత మిగల్చలేదు. కాలి కింద రెండు దిండ్లు పెట్టమన్నాడు, ఒక సూది రాశాడు, వెళ్ళాడు. బ్యాండేజీ విప్పలేదు. కాలి వేళ్ళు పట్టుకుని పైకీ కిందికీ ఒక్కసారి వంచి చూడలేదు. బొటనవేలికీ పక్క వేలికీ మధ్య చర్మం మీద గోటితో గీసి "తెలుస్తోందా?" అని అడగలేదు. ఇవన్నీ కలిపి ఒక్క నిమిషం పని. దీనికి స్కాను అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు.

ఆ దిండ్ల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే అవి దయతో పెట్టినవే. మామూలు వాపుకి కాలు ఎత్తి పెట్టడం మంచిదే. కానీ లోపల ఒత్తిడి పెరిగిన కాలిని గుండె కంటే ఎత్తులో పెడితే అందే కాస్త నెత్తురు కూడా తగ్గిపోతుంది. అలాంటి కాలిని గుండె ఎత్తుకు సమానంగా ఉంచాలి, ఎత్తకూడదు, వేలాడదీయకూడదు. కట్లన్నీ చర్మం దాకా కత్తిరించేయాలి. బీపీ పడిపోకుండా చూడాలి. అనుమానం తీరకపోతే సర్జన్‌ని నిద్ర లేపాలి. ఆయన వచ్చి పిక్కకు అటూ ఇటూ పొడుగ్గా కోసి నాలుగు గదుల పొరనూ చీల్చి వదిలేయాలి. దాన్ని ఫేషియాటమీ అంటారు. చూడ్డానికి భయంకరంగా ఉంటుంది, కండ బయటికి ఉబికి వస్తుంది. ఆ గాయం కొన్నాళ్ళు తెరిచే ఉంటుంది, తర్వాత కుడతారు, లేదంటే చర్మం అతికిస్తారు. మచ్చ పడుతుంది, కాలు ఉంటుంది. ఆరు గంటలకు మించి నెత్తురు అందని కాలికైతే, ఒత్తిడి పెరిగేదాకా ఆగకుండా మొదటి ఆపరేషన్‌లోనే ఆ పొర చీల్చేయడం మేలనే సర్జన్లు చాలామంది. బావ కాలు ఆ ఆరు గంటలూ దాటే థియేటర్‌కి వెళ్ళింది.

తర్వాత కేస్ షీట్ నకలు అడిగి తీసుకున్నాను. అడిగితే 72 గంటల్లోగా ఇవ్వాలని భారత వైద్య మండలి 2002 నిబంధనల్లోనే ఉంది. ఆ సంగతి చెప్పేదాకా నన్ను ఒక కిటికీ నుంచి ఇంకో కిటికీకి తిప్పారు. ఆ రాత్రి ఆ కాగితాల్లో ఇలా ఉంది. 9 గంటలకు: నొప్పి అంటున్నాడు, ట్రమడాల్ ఇచ్చాం, నాడి తగులుతోంది. పన్నెండున్నరకు: నొప్పి, ఇంజెక్షన్ రిపీట్. తెల్లవారుజామున 4 గంటలకు: నొప్పి తగ్గింది.

నొప్పి తగ్గింది! ఆ రెండు మాటల దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. నొప్పి తగ్గలేదు, నొప్పిని మోసే నరం చచ్చిపోయింది. బావ అప్పటికి మూలగడం మానేసి పైకప్పు చూస్తూ పడుకున్నాడు. వేళ్ళు కదిలించమంటే కదలడం లేదన్నాడు. మందు మత్తేమో అన్నారు. మూత్రం సంచిలో నీరు టీ డికాషన్ రంగుకు తిరిగింది. చచ్చిన కండరంలోంచి మయోగ్లోబిన్ అనే పదార్థం నెత్తురులో కలిసి మూత్రపిండాలను దెబ్బతీస్తున్నప్పుడు వచ్చే రంగు అది. దాంతోపాటు వచ్చే పొటాషియం గుండెనే ఆపేయగలదు. చార్టులో మూత్రం ఎన్ని మిల్లీలీటర్లో పద్ధతిగా రాసి ఉంది. రంగు సంగతి లేదు.

పొద్దున రౌండ్స్‌కి వచ్చిన సర్జన్ కాలు చూడగానే మొహం మారిపోయింది. మళ్ళీ థియేటర్. పొర చీల్చారు. కండరం గోధుమరంగుకు తిరిగి ఉందట, కరెంటు తగిలిస్తే చలించలేదట. కొన్ని రోజులు కుళ్ళిన కండ తీస్తూ పోయారు. మూత్రపిండాలు దెబ్బతిన్నాయని చూపే క్రియాటినిన్ పెరుగుతుంటే ఇక ప్రాణం ముఖ్యమని మోకాలి పైన తీసేశారు. తీసేసే రోజు కూడా అది నెత్తురు అందుతున్న కాలే. గడ్డ తీసినందుకు ఆసుపత్రికి రావాల్సిన డబ్బు వచ్చింది. కాలు తీసినందుకూ వచ్చే ఉంటుంది.

"మా దగ్గర ప్రెషర్ కొలిచే మిషన్ లేదండీ" అని ఒకాయన మెల్లగా చెప్పాడు. ఆయన మంచివాడే, అబద్ధం చెప్పలేదు. కానీ ఆ జవాబు ఒప్పుకోను. 1975లోనే వైట్‌సైడ్స్ అనే అమెరికన్ ఎముకల డాక్టరు, ఆయన తోటివాళ్ళు ఒక పద్ధతి రాసి పెట్టారు. ఒక సూది, ఒక సిరంజి, సెలైన్, రెండు ప్లాస్టిక్ గొట్టాలు, ఒక త్రీవే, బీపీ చూసే పాదరసం పెట్టె ఉంటే చాలు, కండరంలోని ఒత్తిడి కొలవచ్చు. ఇందులో దొరకని వస్తువు ఏముంది? (పాదరసం పెట్టెలు ఇప్పుడు తీసేస్తున్నారు, నిజమే. కానీ ఐసీయూలో ధమని ఒత్తిడి చూపించే మానిటర్‌తోనూ ఇదే పని చేయొచ్చు.) బీపీలో కింది అంకెలోంచి కాలి ఒత్తిడి తీసేశాక 30 కంటే తక్కువ మిగిలితే ప్రమాదం. అదీ లెక్క, మూడో తరగతి తీసివేత. లక్షణాలు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంటే ఆ కొలత కూడా అవసరం లేదు, నేరుగా కోసేయమనే పుస్తకాలు చెప్తాయి. లేనిది మిషన్ కాదు.

బిగుతు కట్ల కింద కండరం చచ్చి చెయ్యి వంకరపోతుందని ఫోల్క్‌మాన్ అనే జర్మన్ సర్జన్ రాసింది 1881లో. ఇది కొత్త జబ్బూ కాదు, వింత జబ్బూ కాదు. బావ కాల్లో గడ్డ లాగిన ఫోగార్టీ కాథెటర్ కథ వింటే నాకు ఇంకా మండుతుంది. థామస్ ఫోగార్టీ అమెరికాలోని సిన్‌సినాటిలో ఒక ఆసుపత్రిలో చిన్న పనివాడిగా చేరిన కుర్రాడు. థియేటర్‌లో పనిముట్లు అందించేవాడు. గడ్డ తీయడానికి కాలంతా కోసి, చివరికి కాలు తీసేయడమో ప్రాణం పోవడమో రోజూ కళ్ళారా చూశాడు. చూసి ఊరుకోలేదు. రబ్బరు గ్లవ్ వేలి కొన కత్తిరించి, చేపల గాలానికి వేసే ముడులతో సన్నటి గొట్టానికి కట్టి బుడగ తయారు చేశాడు. 1963లో అది వైద్య పత్రికలోకి ఎక్కింది. ప్రపంచమంతా ఇవాళ్టికీ వాడుతోంది. కాలు పోతున్న మనిషిని చూసి నిలవలేకపోయిన ఒక పనివాడి కళ్ళలోంచి పుట్టింది ఆ పనిముట్టు. మన దగ్గర ఆ పనిముట్టు ఉంది. ఆ కళ్ళే లేవు.

సిస్టర్ మీద విరుచుకుపడటం తేలిక, కాబట్టి నేను ఆ పని చేయను. ఆ రాత్రి వార్డుకి ఆవిడ ఒక్కతే. మంచాలు నిండి కింద పరుపుల మీద కూడా మనుషులున్నారు. సెలైన్లు మార్చాలి, ఇంజెక్షన్లు చేయాలి, రిజిస్టర్లు నింపాలి. బోధనాసుపత్రి జనరల్ వార్డులో ముగ్గురు రోగులకు ఒక నర్సు ఉండాలని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం పెట్టింది. ఆ అంకె ఆవిడకి చెబితే అలిసిన మొహంతో నవ్వింది. డ్యూటీ డాక్టరు సంగతీ అంతే, ముందు రోజు పొద్దున్నించీ నిద్ర లేదతనికి. కానీ ఇంత తెలిసీ ఈ సానుభూతి ఎవరికి పనికొస్తుంది? ఆ ఇద్దర్నీ అలా వదిలేసి, పై అంతస్తులో కొత్త ఓటీకి రిబ్బను కత్తిరించే పెద్దలకి పనికొస్తుంది. కిందివాళ్ళు అలిసిపోయారు, పైవాళ్ళకి పట్టదు, మధ్యలో మనిషి కాలు.

2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక, బీదవాడు కలలో కూడా అనుకోని ఆపరేషన్లు వాడి గడపలోకి వచ్చాయి. దాన్ని తక్కువ చేసే కృతఘ్నత నాకు లేదు. అయితే ఏ ప్యాకేజీ అయినా ఆపరేషన్‌కి పేరు పెట్టి ధర కడుతుంది. రాత్రంతా ఒక కాలి పక్కన కూర్చుని గంటగంటకీ వేళ్ళు వంచి చూడటానికి ధర లేదు. మంచం మీద బావ ఫోటో తీశారు, కుట్ల ఫోటో తీశారు, సంతకాలు తీసుకున్నారు. ఆ రాత్రి కాలిని ఎన్నిసార్లు చూశారని అడిగే గడి ఆ కాగితాల్లో ఎక్కడా నా కంటపడలేదు.

అందరికీ ఇలా అవుతుందని భయపెట్టడం నా ఉద్దేశం కాదు. బైపాస్ అయినవాళ్ళలో చాలామందికి కాలు వాస్తుంది, వారాలపాటు ఉంటుంది, రెండు మూడు నెలల్లో దానంతటదే దిగుతుంది. గజ్జల్లో లింఫు నాళాలు తెగడం వల్ల, సిర తీసేయడం వల్ల వచ్చే వాపు అది. పడుకున్నప్పుడు కాలు కాస్త ఎత్తులో పెట్టుకోవడం, గంటల తరబడి వేలాడదీసి కూర్చోకపోవడం, పాదం ఆడించడం, నడవడం చాలు. ఈ నాలుగు ముక్కలు చెప్పడానికి ఎవరికీ తీరికుండదు. డిశ్చార్జి కాగితంలో "వారం తర్వాత రావలెను" అని ఉంటుంది. ఇంటికెళ్ళాక కాలు పొంగితే మనవాళ్ళు బోదకాలు అంటారు. నూనె రాసి మర్దనా చేస్తారు. ఆరెంపీ నీరు పోయే మాత్ర ఇస్తాడు. మెడికల్ షాపువాడు బిగుతు మేజోళ్ళు అంటగడతాడు. నెత్తురు సరిగా అందని కాలికి బిగుతు మేజోడు వేస్తే పుండు పడి కాలే పోవచ్చు, చీలమండ దగ్గర బీపీ చూసిన డాక్టరు చెబితే తప్ప వేయకూడదు. ఒక్క కాలే ఉన్నట్టుండి వాచి నొప్పి పెడితే సిరలో గడ్డ కట్టిందేమో డాప్లర్ స్కాన్ తీసి చూడాలి. అలాంటి కాలిని మర్దనా చేస్తే గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. ఇవన్నీ ఒక కాగితం మీద తెలుగులో అచ్చు వేసి చేతిలో పెడితే ఎంత ఖర్చు? ఆసుపత్రి ప్రకటనల కరపత్రాలు మాత్రం రంగుల్లో వేస్తారు.

బావ ఇప్పుడు యార్డుకి పోడు. హమాలీకి మూడొంతుల సొత్తు కాళ్ళే. తోటి హమాలీల ముఠావాళ్ళు చందాలేసుకుని కొంత ఇచ్చారు. వైకల్యానికి సదరం సర్టిఫికెట్ వచ్చింది, శాతం రాశారు, పింఛను వస్తోంది. అక్క మిరపకాయల తొడాలు తీసే కూలికి వెళ్తోంది. కేసు వేద్దామంటే బావే వద్దన్నాడు. "సర్జన్ మంచోడురా" అన్నాడు.

ఆ మంచి సర్జన్లకే నేను మొరపెట్టుకునేది. గడ్డ తీసి గ్లవ్స్ విప్పే ముందు, ఈ కాలు ఎన్ని గంటలు నెత్తురు లేకుండా ఉందో, పొర చీల్చాలో వద్దో తేల్చి కాగితం మీద రాయండి. చీల్చకపోతే, ఇరవైనాలుగు గంటల పాటు గంటగంటకీ ఏం చూడాలో, ఏం కనిపిస్తే మీకు ఫోన్ చేయాలో కూడా అక్కడే రాయండి. నాడి ఉందా లేదా అన్న ఒక్క గడి చాలదు. వేళ్ళు వంచితే నొప్పి, వేళ్ళ మధ్య స్పర్శ, పిక్క గట్టిదనం, మూత్రం రంగు కూడా ఉండాలి. ఆరోగ్య పథకాలు నడిపే అధికారులు ఫోటోల పక్కన ఆ చార్టు కూడా అడగాలి. అది లేని బిల్లు వెనక్కి పంపాలి. డబ్బు ఆగితే తప్ప కదలని చోట డబ్బే ఆపాలి.

ఇక మంచం పక్కన స్టూలు మీద కూర్చుని తెల్లార్లూ మేలుకునే పేషెంట్ తాలూకు మనుషులకి ఒక మాట. రెండో సూదికి కూడా నొప్పి లొంగలేదంటే మూడో సూది అడగకండి. కట్టు విప్పమనండి, సర్జన్‌ని పిలవమనండి. పిలవకపోతే గొడవ చేయండి. సెక్యూరిటీవాణ్ణి పిలుస్తామంటారు, పిలవనివ్వండి.